నాపరాళ్ళు తీసేసిన చేను

పొద్దున టీ తాగి చేనుకెళ్ళడం, అంచుల మీద నాపరాళ్ళు సర్దుకోవడం హైమావతికి వాకిలి ఊడ్చినంత అలవాటైన పని. పద్దెనిమిదేళ్ళుగా మిరప మీద మిరప వేసిన ఎకరన్నర అది. మట్టిలో సత్తువంతా పోయి దూదిలా తేలికైపోయింది. గాలి తగిలితే చాలు, ఆరేసిన చీరలాగా జానెడు పైకి లేస్తుంది. వెల్దుర్తి చుట్టుపక్కల సగం చేలు అంతే. అందరూ రాళ్ళు పెట్టుకునే నెట్టుకొస్తున్నారు. కిందటి వేసవిలో ఎవరిదో ఎకరం వినుకొండ బస్టాండు మీదుగా పోతే, కాసేపు నీడ దొరికిందని డ్రైవర్లు సంబరపడ్డారంట.

హైమావతి మొగుడు చెన్నకేశవులు మాత్రం చేను లేచినప్పుడల్లా ముఖం తిప్పుకునేవాడు. తండ్రి చేతి మీదుగా వచ్చిన నేల. "ఇది కూడా పోతే నాకింకేముందే?" అనేవాడు. అంతకంటే ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

పక్క చేను సైదాబీది. అది ఏనాడూ లేవలేదు. మిరప కోతలయ్యాక ఆమె నేలను ఉత్తగా ఉంచేది కాదు. మళ్ళీ మిరప నాటేదాకా నానా గింజలూ కలిపి చల్లేది.

"రాయికేం వదినా, పైన కూసోవటమే తెలుసు. కింద పట్టుకునేది ఉండొద్దూ?" అంటూ ఒకరోజు గింజల సంచి తెచ్చి హైమావతి ముందు దించింది. సజ్జ, జొన్న, అలసంద, పిల్లిపెసర, జనుము, జీలుగ, ఉలవ, కంది, నువ్వులు.

"ఇన్ని రకాలా? ఇది చేనా, కిరాణా కొట్టా?"

"నీ మొగుడికి రోజూ ఒకటే కూర పెట్టు, తింటాడేమో చూద్దాం. మట్టి మాత్రం రోజూ అదే తినాలంట."

చెన్నకేశవులు కాదనలేదు. "చల్లుకో. ఇంతకంటే చెడేదేముంది" అన్నాడు.

మే నెలాఖరులో ఒక వాన పడింది. గింజలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ మొలిచాయి. నలభై రోజులకు నడుమెత్తు పచ్చన. చేను లేవడం మానేసింది. చెన్నకేశవులు మడమతో నేలను తన్ని చూసి, "ఏమే, గట్టిగానే ఉంది" అన్నాడు. ఆ రోజు రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. హైమావతి నాపరాళ్ళన్నీ తీసి, మసీదు వాకిట్లో పరుచుకోమని ఇచ్చేసింది.

టీకొట్టు దగ్గర పెద్దరైతు శేషగిరిరావు ఊరుకోలేదు.

"ఏరా కేశవులూ, చేను గొడ్లకి రాసిచ్చావంట?"

"కాదు బాబాయ్, మట్టికి బలమని..."

"మీ నాయనుండగా ఆ చేలో అన్నం ఒలికితే ఏరుకుని తినొచ్చు. గడ్డిపరక కనపడితే మూడు రోజులు బయటికి ముఖం చూపించేవాడు కాదు. ఆయన కడుపున పుట్టి అడివి పెంచుతున్నావేందిరా?"

అక్కడున్న నలుగురూ నవ్వారు. ఆ పల్లెల్లో రైతు మర్యాదంతా చేను అద్దంలా ఉండటంలోనే ఉంది. చెన్నకేశవులు చేతిలో టీ చల్లారిపోయింది.

ఆ వారమే హైమావతి అక్కకు కంటి ఆపరేషనని నరసరావుపేట వెళ్ళాల్సొచ్చింది. "నే వచ్చాక అక్కడికక్కడే కలియదున్నుదాం. వేళ్ళు మట్టిలోనే ఉండాల. పీకమాక" అని మరీ మరీ చెప్పి బస్సెక్కింది.

మూడో రోజు మధ్యాహ్నం దిగి, అటునుంచటే చేనుకెళ్ళింది. పచ్చదనం లేదు. మొగుడు కూలీలను పెట్టి, పారలతో వేళ్ళతో సహా పెళ్ళగించి, కుప్పేసి తగలబెట్టాడు. పొద్దు చాలక వాయవ్యం మూల మూడు సెంట్లు మాత్రం మిగిలిపోయింది. బోడిచేను మోకాలెత్తున గాల్లో ఉంది. మధ్యలో చెన్నకేశవులు నిలబడి ఉన్నాడు.

"చూశావా, ఎంత శుభ్రంగా ఉందో" అన్నాడు.

"దిగయ్యా. దూకు."

అతను అంచుదాకా వచ్చి కిందికి చూశాడు. తెల్లటి సుద్దనేల తప్ప ఏమీ లేదు.

"రాళ్ళేవే?"

"ఇచ్చేశాగా."

"ఊఁ" అన్నాడు. వెనక్కి నడిచి, చేను నడిమధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

చేను నిలువెత్తు దాటి లేచింది. హైమావతికి అంచు అందలేదు. మూలన ఇంకా నేలకు ఆనుకునే ఉందని అటు పరుగెత్తి, మిగిలిన పచ్చలోకి ఎక్కి నిలబడింది. పోతే ఇద్దరినీ కలిపే తీసుకుపోతుందిలే అనుకుంది. ఇంతలో పాత దుప్పటి చిరిగినట్టు చప్పుడైంది. పడమటి గాలి తోస్తే ఎకరన్నర తూర్పుకు కదిలింది. దాని నీడ సైదాబీ చేను మీదుగా, రోడ్డు మీదుగా మెల్లగా పోయింది. అంచు నుంచి మట్టి పొడి రాలుతోంది. అతను మళ్ళీ తల తిప్పలేదు.

సైదాబీ పరుగున వచ్చి, "వదినా, నా చెయ్యి పట్టుకో, రా" అంది.

హైమావతి వినలేదు. ఒక కాలెత్తి దించి చూసింది. రెండోదీ ఎత్తి చూసింది. కాళ్ళ కింద మట్టి కదల్లేదు. ఈ వేళ్ళూ వదిలితే మూల కూడా లేస్తుందేమోనని, వంగి జనుము మొక్కను రెండు చేతులా పట్టి లాగింది. కాడ తెగి చేతికొచ్చింది. వేరు రాలేదు. ఇంకోటి పట్టి లాగింది.