ఏటా చెప్పే వరద

ఆ ఊరి రేడియోలో పొద్దున్నే 'చరిత్రలో ఈ రోజు' చదివే మనిషిని అందరూ తారీఖు అనే పిలిచేవారు. అసలు పేరు జీతమిచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఏ రాజు ఆ రోజున గద్దెనెక్కాడో, ఏ ఓడ మునిగిందో, ఏ యుద్ధం ముగిసిందో, ఏ మహానుభావుడు పుట్టాడో, ఒకదానికొకటి పొంతన లేని సంగతులన్నిటినీ ఆ తారీఖు అనే ఒక్క దారానికి గుచ్చి, జనం కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు చెప్పేసేవాడు. గొంతు మాత్రం గంభీరమైనది. నీ నోట పడితే నిన్న జరిగింది కూడా పురాణమైపోతుందిరా అని అతని బావ వెక్కిరిస్తూ ఉండేవాడు.

ఏడాది మొత్తంలో ఒక్క తారీఖు మాత్రం ఆ ఊరి సొంతం. చాలా ఏళ్ల కిందట అదే రోజున కరకట్టకు గండి పడి పల్లపు వీధులన్నీ కొట్టుకుపోయాయి. అప్పటికి ఇతను చంటివాడు. తల్లి నీళ్లపాలైతే, తమ్ముణ్ణి చంకనేసుకుని మెరకకు చేరిన అక్కే ఆ తర్వాత అతనికి అమ్మ అయింది. అందుకే ఆ రోజు కార్యక్రమమంటే అతనికి ప్రాణం. సైరన్ మోత, నీళ్ల హోరు, జనం కేకలు, వాటన్నిటి మధ్య తన గొంతు: "కరకట్ట తెగింది. పల్లపు వీధుల వాళ్లు వెంటనే మెరక మీదికి వెళ్లండి." అప్పటి హెచ్చరికనే అక్షరం పొల్లుపోకుండా రికార్డు చేయించాడు. దాన్ని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వేసేవారు. జనం చేతిలో పని ఆపి వినేవారు. విని, ఆహా అనుకుని, భోజనాలకు లేచేవారు.

ఆ ఏడు ఆ రోజు జోరువానలో తెల్లవారింది. అప్పటికి కొన్నాళ్లుగా ఆకాశానికి చిల్లు పడ్డట్టే ఉంది. దర్జీ కొట్టులో పనికి పోతూ అక్క స్టేషన్ దగ్గర ఆగి, తమ్ముడికి కారియర్ అందించింది. అతని చొక్కాకు పైగుండీ లేదని చూసి నాలుగు చీవాట్లు పెట్టింది. బావకు కాలు బెణికి లేవలేకుండా ఉన్నాడనీ, నీ వరద వినాలని రేడియో తలగడ పక్కనే పెట్టుకున్నాడనీ చెప్పి, గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది. వాళ్ల ఇల్లు కరకట్టను ఆనుకున్న వీధిలోనే.

మధ్యాహ్నం రికార్డు ఇంకా తిరుగుతూనే ఉంది. స్టేషన్ పెద్దాయన చేతిలో కాగితం పట్టుకుని స్టూడియోలోకి పరుగెత్తుకొచ్చాడు. ఎగువ మలుపు దగ్గర కట్ట జారిపోయిందని ఇంజినీరు ఫోన్ చేశాడట. గండి పడిపోయిందట, కాసేపట్లో నీళ్లు ఊళ్లోకి వచ్చేస్తాయట. నువ్వే చదువు, నీ గొంతైతే జనం వింటారు అన్నాడాయన.

రికార్డు ఆపారు. తారీఖు మైకు ముందు కూర్చుని చదివాడు. వణుకు బయటపడకుండా గొంతు సవరించుకుని, ఇన్నేళ్లుగా అలవాటైన తీరులోనే చదివాడు. కరకట్ట తెగింది. పల్లపు వీధుల వాళ్లు వెంటనే మెరక మీదికి వెళ్లండి. అంతకన్నా వేరే మాటలు ఆ కాగితం మీదా లేవు. వరదకు చెప్పే మాటలు ఎప్పుడైనా అవే కదా.

బయటికొచ్చి అక్క ఇంటికి ఫోన్ కలిపాడు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఫోనుండేది ముందుగదిలో. బావ లేచి రాలేడు. పెట్టేసిన మరుక్షణం అదే ఫోను మోగింది. పల్లపు వీధిలో రొట్టెల కొట్టు నడిపే ఆయన. ఏటా ఈ రోజున తప్పకుండా ఫోన్ చేసి మెచ్చుకునే మనిషి.

"ఈసారి మరీ బాగుందయ్యా తారీఖూ," అన్నాడాయన. "చివర్లో ఆ చప్పుళ్లన్నీ ఆపేసి, ఒట్టి గొంతుతో మళ్లీ చెప్పావు చూడు, ఒళ్లు జలదరించిందనుకో. మా కొట్లో అందరూ అదే మాట."

అది కార్యక్రమం కాదు బాబూ, నిజం, లేచి పొండి అని తారీఖు మొత్తుకున్నాడు. అవతల ఆయన నవ్వాడు. ఇంకా నాటకం అవలేదా అన్నాడు. అంతలో లైను తెగిపోయింది. మళ్లీ కలిపితే ఏ నెంబరూ పలకలేదు.

కిటికీలోంచి చూస్తే వీధిలో జనం ఎప్పటిలాగే గొడుగులేసుకుని పోతున్నారు. ఒక్కడూ పరుగెత్తడం లేదు. ఇన్నేళ్లూ ఆ మాటలను తన నోటితో అరగదీసిందీ, వాటిలోంచి భయాన్ని పిండేసి వినసొంపుగా మిగిల్చిందీ తానే. ఈ రోజు నిజంగా వాటితో పని పడితే వాటిలో ప్రాణం లేదు. పెద్దాయన మళ్లీ చదవమన్నాడు. వందసార్లు చదివినా ఇంతేనండీ, నా గొంతు వినబట్టే వాళ్లు కదలడం లేదు అన్నాడు తారీఖు.

అలా అని మళ్లీ స్టూడియోలోకి వెళ్లాడు. కాగితం తీసుకోలేదు. మైకును రెండు చేతులా పట్టుకున్నాడు.

"అక్కా, నేనే. మీ తమ్ముణ్ణి. ఇది రికార్డు కాదక్కా. పొద్దున నాకు గుండీ లేదని తిట్టావు చూడు, ఆ నోటికి దణ్ణం పెడతాను, లేచి పరుగెత్తు. రొట్టెల కొట్టాయనా, ఇప్పుడే నువ్వు నాతో ఫోన్లో మాట్లాడావా లేదా? పక్కనున్నోళ్లకి చెప్పు. కట్ట నిజంగానే పోయింది. బావా, బావా, వింటున్నావా, పక్కింటోళ్లని కేకేయి, మోసుకుపోతారు."

ఆ తర్వాత ఏం మాట్లాడాడో అతనికే తెలియదు. ఏడ్చాడు. గుర్తొచ్చిన మనుషులనల్లా పిలిచాడు. చాకలి వీధి ముసలమ్మ అన్నాడు, తాళాల మేస్త్రి అన్నాడు, బడి పక్క కవలపిల్లల తల్లి అన్నాడు. గంభీరమైన గొంతు ఎటు పోయిందో పోయింది. కీచుమంటూ, మాట మాటకీ విరిగిపోతూ వచ్చింది. జనం తొక్కిసలాడుకుంటారు, నెమ్మదిగా చెప్పు అని అద్దం అవతల పెద్దాయన చేతులూపాడు. కాసేపటికి ఆయనా చేతులు దించేసి కుర్చీలో కూలబడ్డాడు. కరెంటు పోయేదాకా తారీఖు అలా అరుస్తూనే ఉన్నాడు.

జనం కదిలారు. పల్లపు వీధుల్లో చాలామంది కట్టుబట్టలతో మెరక మీది బడికి చేరారు. వాళ్ల వెనకే, కొందరికి మోకాళ్ల లోతులో, నీళ్లు వచ్చాయి. తారీఖు ఆ బడిలో గది గదికీ తిరిగాడు. తడిసి ముద్దయిన ప్రతి ఆడమనిషి ముఖంలోకీ తొంగి చూశాడు. రొట్టెల కొట్టాయన కనపడి, చేతులు పట్టుకుని ఏదో చెప్పబోయాడు. తారీఖు విదిలించుకుని ముందుకు పోయాడు.

అక్క వరండా చివర గోడకు జారగిలబడి ఉంది. పక్కన దర్జీ భార్య ఆమె భుజం పట్టుకుని కూర్చుంది. కొట్లో రెండోసారి చెప్పింది వినగానే అక్క ఇంటివైపు పరుగు తీసిందనీ, అప్పటికే వీధి మొదట్లో నీళ్లు సుళ్లు తిరుగుతుంటే నలుగురు పట్టుకుని వెనక్కి లాక్కొచ్చారనీ దర్జీ భార్యే చెప్పింది. పట్టుకున్న వాళ్ల చేతులు కొరికిందట.

"బావ వినుంటాడక్కా," అన్నాడు తారీఖు, పక్కన కూలబడుతూ. "రేడియో పక్కనే ఉందన్నావు కదా. పక్కింటోళ్లు తెచ్చుంటారు."

ఆమె తల అడ్డంగా ఊపింది. పక్కింటివాళ్లు ఆ వరండాలోనే ఓ మూల ఉన్నారు. మొదటిసారి చెప్పినప్పుడు బావ కిటికీలోంచి, మావాడు ఈసారి బాగా చదివాడని వాళ్లతో అన్నాడట. రేడియో కట్టేసి, కాసేపు పడుకుంటానన్నాడట. తాము పరుగెత్తేటప్పుడు తలుపు బాదామనీ, పలకలేదనీ, ఎవరో తీసుకుపోయి ఉంటారనుకున్నామనీ చెప్పి వాళ్లు తలొంచుకున్నారు.

అక్క అతని ముఖం వైపు చూడకుండానే అడిగింది.

"మొదటిసారే అలా అరవాల్సింది కదరా."

నీళ్లు తగ్గాక బావ శవం మంచం పక్కనే దొరికింది. వందల మందిని కాపాడాడని ఊరు తారీఖును సభకు పిలిచింది, వెళ్లలేదు. స్టేషన్లో ఆ పని మానేసి లైబ్రరీ గదిలో రికార్డులు సర్దే పని అడిగి తీసుకున్నాడు. అక్క అతనింట్లోనే ఉండి, ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుంది. ఇద్దరూ ఒకరితో ఒకరు అవసరమైనంతే మాట్లాడుకునేవారు.

ఏడాది తిరిగింది. ఆ పొద్దున ఆమే రేడియో పెట్టింది. తారీఖు గుమ్మంలో నిలబడిపోయాడు. కొత్తగా చేరిన అమ్మాయి చదువుతోంది. ఒక రాజు, ఒక ఓడ, ఒక శాస్త్రజ్ఞుడు. ఆ తర్వాత, మన ఊళ్లో ఇదే తారీఖున రెండుసార్లు వరద వచ్చిందని చెప్పి, రెంటిలోనూ పోయినవాళ్ల సంఖ్యలు చెప్పి, వాతావరణంలోకి వెళ్లిపోయింది.

"మీ బావ పేరు చెప్పలేదే," అంది అక్క.

"ఇందులో పేర్లు చెప్పరక్కా. పెద్దవాళ్లవైతేనే చెప్తారు."

"అమ్మది కూడా చెప్పేవాడివి కాదు కదా నువ్వు."

"చెప్పలేదు."

ఆమె కాసేపు అతన్నే చూసింది. కోపంగా చూసిందో, జాలిగా చూసిందో అతనికి తెలియలేదు. గుడ్డ మిషను కిందికి జరుపుకుని, కూర్చోరా, నిలబడే ఉన్నావు అంది. అతను వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.