నాన్న నీడలో ఆగిన యంత్రం

సాయంత్రం ఆరింటికి పది నిమిషాలుందనగా ఆ యంత్రం రోజూ ఆగిపోయేది. అరచేతిలో పట్టేంత డబ్బా. గదిలో వేడి ఎంతో, తేమ ఎంతో చూపిస్తుంది. దాని ముఖాన నల్లటి సోలార్ పలక ఒకటి. ఎండతో పనిలేదు, ట్యూబులైటు వెలుతురే దానికి తిండి. బ్యాటరీలు మార్చే బాధ లేకుండా ఇళ్ళలోకి ఇలాంటివి తయారుచెయ్యడమే కూతురి ఉద్యోగం. ఆఫీసులో బుద్ధిగా నడిచిన డబ్బా, ఇంటికి తెచ్చి నాన్న కుర్చీ పక్క షెల్ఫులో పెట్టగానే మొండికేసింది. పలక మార్చింది, వైర్లు మార్చింది, రెండు వారాలు తల బద్దలు కొట్టుకుంది.

"మీ నాన్న వచ్చే వేళ కదే అది. నీడ పడితే ఆగదూ?" అంది అమ్మ, టీకి నీళ్ళు పెడుతూ.

నాన్న పోస్ట్‌మాన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన నీడ ఆయనకంటే ముందే వస్తుంది. ఉద్యోగం రోజుల్లో గుమ్మంలో నీడ పడితే చాలు, జనం ఉత్తరాల కోసం బయటికొచ్చి నిలబడేవాళ్ళు. అప్పట్లో ఒక్క నిమిషం తేడా ఉండేది. వయసు మీదపడి ఆయన నడక మందగించింది గాని నీడ మందగించలేదు. ఇప్పుడాయన పార్కు బెంచీ మీంచి లేవకముందే అది వచ్చి కుర్చీలో కూర్చుంటోంది. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన పిల్ల, లెక్కలన్నీ వేసి, ఆ ఒక్క సంగతీ మరిచిపోయింది. ఇంజనీర్ల తెలివి అలాగే ఉంటుంది. అరగంట చీకటికి సరిపడా కరెంటు దాచుకునే భాగమొకటి డబ్బాలో బిగించాక గొడవ వదిలింది.

చలికాలంలో నాన్న గుండె దెబ్బతింది. ఆస్పత్రిలో నాలుగోరోజు డాక్టరమ్మ కూతుర్ని పక్కకు పిలిచింది. ఆపరేషన్ చేస్తే బల్ల మీదే పోవచ్చు, చెయ్యకపోతే మాత్రం ఈ మంచం దిగి ఇంటికెళ్ళడం ఉండదు, మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి చెప్పమంది. మోకాళ్ళ నొప్పులతో ఇంట్లోనే ఉండిపోయిన అమ్మకి ఫోన్ చేస్తే, చదువుకున్నదానివి నువ్వే చూడు అంది. కూతురు ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ సంతకం పెట్టాల్సిన కాగితం ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రి వరండాలో కూర్చుంది. తన సంతకంతోనే నాన్న పోతాడేమోనని పెన్ను మూత కూడా తియ్యలేదు.

పన్నెండు దాటాక అమ్మే ఫోన్ చేసింది.

"నీ డబ్బా మళ్ళీ ఆగిందే. లైటు వేసే ఉంది."

"నీడ కుర్చీలో ఉందా అమ్మా?"

"పొద్దున ఎనిమిదింటి నుంచీ ఉంది, కాలుమీద కాలేసుకుని. ఆయన ఎప్పటికి వస్తారో కనుక్కో, వంట చూసుకోవాలి."

కూతురికి ఏడుపొచ్చింది. అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, సంతకం పెట్టి కాగితం తీసుకెళ్ళింది.

"బాగా ఆలోచించుకున్నారా?" అనడిగింది డాక్టరమ్మ.

"నీడ ఇంటికి చేరిపోయిందండీ. మనిషిని పంపించడమే మిగిలింది."

"ఎప్పుడు చేరింది?"

"పొద్దున ఎనిమిదింటికి."

డాక్టరమ్మ గోడ గడియారం వైపు చూసింది. అయితే ఇప్పటికే ఆలస్యమైందని చెప్పి స్ట్రెచర్ తెమ్మంది.