ఫోన్ చెప్పిన ఆరు గుంటలు

మొగిలికి ఫోన్ మీద నమ్మకం ఎక్కువ. మనుషుల మీద అంత లేదు. గోదావరిఖనిలో ముప్పై ఆరేళ్లు బొగ్గుబాయి పని చేసి రిటైరయ్యాడు. భార్య అనసూర్య పోయాక ఇంట్లో ఏదైనా అడగడానికి ఫోన్ ఒక్కటే మిగిలింది. ట్యాంకు కొలతలు కొడితే ఎన్ని లీటర్లో చెప్పేది. అంగుళాలు కొడితే సెంటీమీటర్లు చెప్పేది. ఎందుకని తిరిగి అడగదు. అదే అతనికి నచ్చింది.

వానలకు ముందు, సొంతంగా పత్తి వేద్దామని ఊరికి పోయాడు. మంథని దారిలో తండ్రి వదిలిన భూమి. పాత పాసుబుక్కులో 3.20 అని ఉంది. తండ్రి బతికుండగానే అడుగులేసి నడిచి, మధ్యలో రాయి పాతి, ఇద్దరు కొడుకులకు చెరి సగం అన్నాడు. మొగిలి డ్యూటీలో ఉన్నన్నాళ్లూ రెండు సగాలూ తమ్ముడు సదయ్యే దున్నాడు. ఏటా అన్న ఇంటికి బియ్యం, కందిపప్పు పంపాడు.

మొగిలి రాయి దగ్గర నిలబడి ఫోన్ తీశాడు. ఎకరాలను గుంటలు చేసే పేజీలో 3.20 కొట్టాడు. 128 వచ్చింది. సగం 64. తర్వాత టేపుతో సదయ్య భూమి చెక్క కొలిచాడు. పొడవు 330 అడుగులు, వెడల్పు 231. అదీ కొట్టాడు. సరిగ్గా 70 గుంటలు.

"ఆరు గుంటలు తిన్నవ్‌రా," అన్నాడు.

గట్టు మీద గడ్డి కోస్తున్న సదయ్య కొడవలి ఆపాడు. "ఏందన్నా?"

"మొత్తం నూట ఇరవై ఎనిమిది. నీ దిక్కు డెబ్బై ఉన్నయ్. నాకు యాభై ఎనిమిదే."

"నీ దిక్కు గూడ కొలువు."

"లెక్క తేలినంక కొలుసుడెందుకు? నాకు తీసివేత రాదనుకున్నవా?"

పక్క చేను ఎల్లేశం నవ్వుకుంటూ వచ్చాడు. "బాయిల బొగ్గు గూడ ఫోన్లనే కొలిచినవా మొగిలన్నా?"

"నువ్వు నడువు. నీ చెక్క గూడ కొలువుమంటవా?"

ఎల్లేశం కదల్లేదు. సదయ్య భార్య పూలమ్మ నీళ్ల చెంబు కింద పెట్టింది. "బావా, ముప్పై ఏండ్ల సంది మేమే దున్నితిమి. తినాలనుకుంటే అంతా తిందుము గద."

"ఆరే తిన్నరని మురవాల్నా?"

సదయ్య గడ్డపార తెచ్చి, తండ్రి పాతిన రాయిని పెకిలించి, తన దిక్కుకు ఇరవై అడుగులు జరిపి పాతాడు. సరిపోయిందా అని కూడా అడగలేదు. తప్పు ఒప్పుకున్నాడనే మొగిలి అనుకున్నాడు.

వారం తర్వాత గోదావరిఖనిలో నాజియా నడిపే ఇంటర్నెట్ సెంటరుకు పోయాడు. 64 గుంటలు తన పేరున ఎక్కించమని దరఖాస్తు రాయించాలి. ఆమె పాసుబుక్కు చూసింది, అతని కాగితం చూసింది.

"ఈ అరవై నాలుగు ఎక్కడిది కాకా?"

"ఫోన్ల చూసిన. మూడు పాయింట్ ఇరవై కొట్టిన."

ఆమె తల పట్టుకుంది. "అయ్యో కాకా. గది మూడెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి నలభై గుంటలాయె, అంటే మూడున్నర ఎకరాలు. ఫోన్‌కు పాసుబుక్కు సంగతి ఏమెరుక? చుక్క అవుతల ఇరవై అంటే దానికి ఎకరంల ఐదో వంతే." మళ్లీ కొట్టి తెర అతని వైపు తిప్పింది. 140. సగం 70. "గీ తప్పు బాయిలోళ్లే చేస్తరు. ఎవుసం చేసెటోళ్లు నోటితోనే చెప్తరు."

దరఖాస్తు రాయించకుండానే లేచాడు.

మర్నాడు పొద్దున్నే చేన్లోకి దిగి, రాయి పీకి పాత గుంతలో దించాడు. సదయ్య దూరం నుంచి చూస్తూ నిలబడ్డాడు. దగ్గరికి రాలేదు. మొగిలే పోయాడు.

"నాదే తప్పురా. డెబ్బై, డెబ్బై. నాయిన సరిగ్గనే పంచిండు."

"నాకెరుకే."

"ఎరుకైతే చెప్పకపోతివి?"

"కొలువుమని చెప్పిన. నువ్వు ఇనలే. ఊరి ముందల దొంగనైన."

"ఎల్లేశం ఒక్కడే గదరా ఉన్నది."

"ఎల్లేశం ఒక్కడు చాలడా?"

మొగిలి నవ్వబోయాడు. సదయ్య నవ్వలేదు.

"సర్వేయర్‌కు కాయితం పెట్టిన. శుక్రారం వస్తడు."

"ఇగ ఎందుకురా? రాయి పెట్టిన గద."

"రేపు ఫోన్ ఇంకోటి చెప్తది."

శుక్రవారం సర్వేయరు రెండు దిక్కులా గొలుసు లాగాడు. డెబ్బై, డెబ్బై. అన్నదమ్ములు సంతకాలు పెట్టారు. సాయంత్రానికల్లా సదయ్య హద్దు పొడవునా రాతి కడీలు పాతి ముళ్లతీగ లాగాడు. మొగిలి చెక్కకు బాట ఎప్పుడూ తమ్ముడి చెక్క మీదుగానే ఉండేది. ఇప్పుడు కాలువ గట్టు పట్టుకొని చుట్టూ తిరిగి రావాలి.

విత్తనం పెట్టే రోజు అట్లా తిరిగే వచ్చాడు. తీగకు అవతల పూలమ్మ వంగి సాళ్లలో గింజలు వేస్తోంది. అతను దగ్గాడు. ఆమె సాలు మార్చుకొని అటు తిరిగింది.