మూడోనాటి నూనె

సర్సోం తేల్, అదే ఆవనూనె, పేరెత్తితే చాలు నూకమ్మకి ఒళ్ళు మండేది. టాటానగర్‌లో తాముండే కాసిడీహ్ సందులో ఏ ఇంట చేప వేగినా ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని, "థూ! ఒంటికి పూసుకునేదీ అదే, కూరల్లో పోసుకునేదీ అదేనా? ఈళ్ళకి నాలికలున్నాయేటి అసలు?" అనేది. శ్రీకాకుళం వదిలి వచ్చి ఎన్నేళ్ళయినా ఈ టాటానగర్ వంట మీద ఆవిడకి జాలి కూడా కలగలేదు.

కోడలు పద్మకుమారి టాటానగర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్తుంది. కాపురానికొస్తూ తెచ్చుకున్న ఆవనూనె సీసాని అత్తగారు స్నానాలగది గూట్లో పెట్టించింది. ఆవకాయ జాడీనైతే తాకనిచ్చేది కాదు. "ఆవకాయ కలపడానికి చెయ్యుండాల. నీది ఉడికిన దుంపల్ని ఆలూ చోఖాకి పిసికే చెయ్యి," అనేసేది మొహమ్మీదే.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది వేసవిలో, ఊరి నుంచి నువ్వుల నూనె తెచ్చే తవిటయ్య, బుద్ధిమంతుడు, డబ్బా మూత సరిగ్గా బిగించలేదు. సగం నూనె రైల్లోనే ఒలికిపోయింది. మిగిలిందాంతోనే నూకమ్మ ఆవకాయ కలిపి వాసెన కట్టింది. మూడోనాడు తిరగ కలపబోతే ఏముంది, ముక్కలు నూనెంతా తాగేసి పొడిగా కూచున్నాయి. పైన నూనె తేలకపోతే బూజు ఖాయం. ఏడాది ఆవకాయ! పైగా బిర్సానగర్ నుంచి ఆడబడుచు కస్తూరమ్మ ఆదివారం వస్తుంది. ఏటా ముక్క కొరికి వంక వెతకడం ఆవిడకో పండగ. బూజు కంటబడిందంటే తెలుగు ఇళ్ళన్నిటా టముకేసి వస్తుంది. నూకమ్మకి ఏడుపొక్కటే తక్కువ.

"సర్సోం తేల్ హై నా, అమ్మా," అంది కోడలు.

"నా కంఠంలో ప్రాణముండగా ఆ కంపు నా జాడీలో పడదు!"

అలా కసిరి బజారంతా తిరిగింది. నువ్వుల నూనె చుక్క దొరకలేదు. ఖాళీ సీసాతో ఇంటికొచ్చేసరికి గడపలోనే ఘాటు కళ్ళకి తగిలింది. కోడలు ఆవనూనె పొగలొచ్చేదాకా కాచి చల్లారబెడుతోంది. నూకమ్మ తిట్టడానికి నోరు తెరిచింది. జాడీ వంక చూసి మూసుకుంది.

"పోసెయ్యి. నాను సూడను," అని గోడవైపు తిరిగి కూచుంది.

ఆదివారం కస్తూరమ్మ ముక్క కొరికి మూతి మూడు వంకర్లు తిప్పింది. "ఇదేటి వదినా, సర్సోం తేలా? ఛీఛీ, మన జాడీలో ఈ కంపేటి? ఆ క్వార్టర్ల పిల్ల పనేనా?"

వంటింటి గుమ్మంలో పద్మకుమారి బిగుసుకుపోయింది. ఔను, దాని పనే అంటే నూకమ్మ పరువు నిలిచేది. మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ తిప్పిన మూతి చూస్తే కడుపు మండిపోయింది. రోజూ సందులోవాళ్ళని చూసి తను తిప్పేదీ అలాంటి మూతే.

"పోపులోకి ఆవాలు కావాల. ముక్కలకి ఆవపిండి కావాల. పనసపొట్టులోకి ఆవ కావాల. పిల్లలకి దిష్టి తగిలితే తిప్పేదీ ఆవాలే. ఆటి నూనె మాత్రం నీకు కంపేటే? నానే పోయించాను. తింటే తిను, లేపోతే లెగు!"

కస్తూరమ్మ విసురుగా లేచిపోయింది. నూకమ్మ అన్నంలో ఇంత ఆవకాయ కలిపి నోట్లో పెట్టుకుంది. ఘాటు నషాళానికంటి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

"కంపు కంపేనే," అంది కోడలితో, ఇంకో ముద్ద కలుపుతూ. తర్వాత వాసెన గుడ్డ తీసి ఆ పిల్ల చేతిలో పడేసింది. "కట్టు. వదులుగా కట్టేవంటే ఊరుకోను."