చేపతో తలుపు తెరుచుకోదు

చేపతో తలుపు తెరుచుకోదన్న పరమసత్యాన్ని లోకంలో తొలిసారిగా అక్షరబద్ధం చేసిన ఘనత కుదరదక్కకే దక్కాలి. ఆ సంగతి అంతకుముందు ఎందరికో తెలిసే ఉండవచ్చు. కానీ చెప్పవలసిన అగత్యం వారికెవరికీ కలగలేదు. ఈమెకు కలిగింది. అందుకు నెలనెలా జీతం కూడా ముట్టింది.

ఆ ఉదయం ఆమె రాత ఒక గొడుగు దగ్గర ఆగిపోయి ఉంది. కంప్యూటర్ తెర మీద ఒక ఆట: అందులో ఒక దీవి, దీవి కొసన లైట్‌హౌస్, దాని ముందు కొలువు ఊడిన పోస్ట్‌మాన్. ఆడేవాళ్లు అతని సంచిలోని ఒక వస్తువును మౌస్‌తో నొక్కి, ఆ తర్వాత బొమ్మలో ఇంకోదాన్ని నొక్కుతారు. అతడు దాన్ని దీని మీద ప్రయోగిస్తాడు. లైట్‌హౌస్ తలుపు తెరిచే దారి ఒక్కటే. తక్కినవన్నీ తప్పులు. ఆ తప్పుల్లో ప్రతిదానికీ పోస్ట్‌మాన్ చేత ఒక జవాబు చెప్పించడమే ఆమె ఉద్యోగం. చేపను తలుపుకు ఆనిస్తే, “తలుపు తెరుచుకోలేదు గానీ నా ఆకలి తెరుచుకుంది” అంటాడు. గంటను బావిలోకి దించితే, “ఇప్పుడు కప్పలన్నీ బడికి బయల్దేరతాయి. పాఠం ఎవరు చెప్తారు?” అంటాడు. ఆ ఆటలో చావు లేదు, గడియారం లేదు, ఓటమి లేదు. ఎంతటి మూఢుణ్ణయినా దీవి ఓర్పుగా భరిస్తుంది.

ఒకప్పుడు ఇంటింటా ఆడిన ఆ ఆటకు ఇప్పుడు కొత్త రంగులు పూస్తున్నారు. బొమ్మలో కొత్తగా ఒక పిల్లి చేరింది. పిల్లి మీద గొడుగు విప్పితే ఏమనాలి? ఆమె, భుజాలు వాలిన పొట్టి మనిషి, కళ్లజోడు కాడకు దారం చుట్టుకున్న మనిషి, మాట తట్టనప్పుడల్లా చేసినట్టే చిన్న ఇత్తడి తాళంచెవిని చిటికెనవేలికి తగిలించి తిప్పసాగింది. అది ఆమె బల్లసొరుగుదని ఆఫీసంతా అనుకుంటుంది.

ఆమె కోపంగా ఉంది. తెల్లవారుతూనే ఇంట్లో చెల్లెలు తన అత్తగారు వస్తున్నారనీ, అక్క ఉండే కిటికీ గది ఆవిడకిచ్చి హాల్లో సర్దుకోమనీ చెప్పింది. ఈమె “సరేలే” అంది. పోస్ట్‌మాన్ చేత వేలకొద్దీ నిరాకరణలు పలికించిన ఈ మహాశిల్పి స్వయంగా ఎవరికీ కుదరదన్న పాపాన పోలేదు. కుర్చీ అడిగితే కుర్చీ ఇచ్చింది, సెలవు మార్చుకుందామంటే మార్చుకుంది. ఆఫీసువాళ్లు పెట్టిన ‘కుదరదక్క’ అన్న ముద్దుపేరు ఆమె రాతకు సరిపోయింది గానీ మనిషికి ఏ కోశానా నప్పలేదు.

ఇంతలో కొత్త మేనేజరు వచ్చి బల్ల అంచున కూర్చున్నాడు. ఆడేవాళ్లంతా లైట్‌హౌస్ దగ్గరే విసిగి ఆట వదిలేస్తున్నారట. అందుకని ఇకపై నొక్కవలసిన వస్తువు దానంతటదే మెరుస్తుందట. తప్పు నొక్కితే అన్నిటికీ ఒకే మాట: అది కుదరదు.

“మిగతా జవాబులన్నీ సాయంత్రంలోగా మీరే తీసెయ్యండి మేడమ్. ఏవి ఎక్కడున్నాయో మీకే కదా తెలుసు.”

తాళంచెవి తిరగడం ఆగింది.

“దారి తెలిసినవాడికి ఈ ఆట అరగంట, తెలియనివాడికి నెల, బాబూ. ఆ నెలంతా వాడెక్కడుంటాడు?”

“ఇరుక్కుపోయి ఉంటాడు.”

“తప్పుల్లో ఉంటాడు. అక్కడ వాణ్ణి పలకరించే దిక్కు ఇంకెవరూ లేరు. తలుపు తియ్యడానికి రారు వాళ్లు. తలుపు ఏమంటుందో విందామని వస్తారు.”

“తలుపేమంటుంది మేడమ్, తలుపేగా” అని నవ్వి, ఆమె భుజం తట్టబోయి, ఎందుకో మానుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఆమె ఆ జవాబులను తెరిచింది. కప్పల బడి, తల్లి ఆఖరి జబ్బులో ఉన్నప్పుడు ఆస్పత్రి బెంచీ మీద పుట్టింది. “దీన్ని దించితే ఇక కదలదు. మనుషులకూ ఇలాంటిదొకటి ఉంటే బాగుండు” అని లంగరు గురించి పోస్ట్‌మాన్ అనే మాట, మాట ఇచ్చి మొహం చాటేసిన ఒక మనిషి పుణ్యం. చదివినకొద్దీ ఆమె చెవులు వేడెక్కాయి. తన బతుకంతా ఇతరుల తప్పుల్లో దాచుకుంది. ఇప్పుడు దాన్ని తన చేత్తోనే తుడిచెయ్యమంటున్నాడు, అదీ “మీకే కదా తెలుసు” అని మెచ్చుకుంటూ.

లేచి మేనేజరు గదికి నడిచింది. నడుస్తూనే ఒక మహత్తర నిరాకరణను కూర్చుకుంది: అందులో వ్యంగ్యం ఉంది, వేదన ఉంది, చివర ఒక చెణుకు కూడా ఉంది. తలుపు తోసేసరికి అదంతా ఎగిరిపోయింది.

“నేను తియ్యను.”

“అంటే?”

“తియ్యనంటే తియ్యను.”

ఇంత పేలవమైన మాటను ఆమె పోస్ట్‌మాన్‌కు ఏనాడూ ఇచ్చి ఉండేది కాదు.

అతడు పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాడు. “అయితే మేడమ్, రేపట్నుంచి మీరు...”

“రానులే.”

గొడుగు, కళ్లజోడు పెట్టె తీసుకుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగింది. బస్టాపులో నిలబడి చెల్లెలికి ఫోన్ చేసింది. ఈసారి జవాబులల్లే విద్య చేతికి తిరిగి వచ్చింది.

“గది ఇవ్వనే. మీ అత్తగారికి కిటికీ అంత ఇష్టమైతే, విప్పించి హాల్లో పెట్టించు.”

అవతల చెల్లెలు ఏదో అనేలోపు బస్సు వచ్చింది.

పైన మేనేజరు ఆ జవాబులన్నిటినీ ఒక్క నొక్కుతో తీసేశాడు. తుమ్మడానికి అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది. ఆ తరువాత ఆమె బల్ల మీద తాళంచెవి అతని కంటపడింది. అంత కోపంగా వెళ్లిన మనిషి ఏదో దాచే ఉంటుందని అనుమానించాడు. సొరుగు లాగితే ఊరికే వచ్చింది. దానికసలు తాళమే లేదు. బీరువాకు పెట్టి చూశాడు. స్టోర్ రూముకు పెట్టాడు, కరెంటు మీటరు పెట్టెకు పెట్టాడు, మేడమీది తలుపుకు పెట్టాడు. ఒక్కటీ తెరుచుకోలేదు, ఎందుకు తెరుచుకోలేదో ఒక్కటీ చెప్పలేదు. ఆఫీసు ఖాళీ అయినా అతడు ఆ తాళంచెవిని పట్టుకుని, ఇంకా నొక్కని చోటేదైనా మిగిలిందా అని గోడలు చూస్తూ తిరిగాడు.

ఆ తాళంచెవి, ఆమె చదువుకునే రోజుల్లో ఎవరో తాళంతో సహా ఎత్తుకుపోయిన సైకిలుది.