సగంలో ఉన్న జడ

ఆయమ్మ ఒక పిల్లాడి ముక్కు తుడిచి పంపించి, వరండా మెట్టు మీద కూర్చున్న పిల్ల జడ విప్పింది. మోకాళ్ళు సలుపుతున్నాయి. పొద్దుటినుంచీ ఎడమ చెయ్యి లాగుతోంది. గదులు ఊడ్చి, నీళ్ళతొట్టి నింపాక కాస్త నడుం వాల్చాలనుకుంది గాని, పిల్లలు ఊరుకుంటేగా!

బడి కాలువ గట్టున ఉంది. కాలువకు ఇవతలివాళ్ళకూ అవతలివాళ్ళకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. గొడవల్లో రెండు వైపుల బళ్ళూ తగలబడ్డాయి. మళ్ళీ కట్టేదేదో ఒక్కటే కట్టి, పిల్లలందరినీ అందులోనే కూర్చోబెట్టారు. ఆయమ్మది ఇవతలి వైపు. ఆ గొడవల్లోనే ఆమె ఒక్కగానొక్క కొడుకు పోయాడు.

పనిలో చేరిన రోజు అక్క దులిపేసింది. "నీ కొడుకును పొట్టన పెట్టుకున్నవాళ్ళ పిల్లలకి మూతులు కడుగుతావుటే?"

ఆయమ్మకి పొట్ట గడవాలి, చేరింది. మొదట్లో అవతలి పిల్లల మొహాలు కాస్త గట్టిగానే తోమేది. సబ్బు నురగ కళ్ళలో పడ్డా చూడనట్టు ఊరుకునేది. ఎప్పుడు మారిందో ఆమెకే తెలియదు. జ్వరంతో కాలిపోతూ ఒళ్ళో ఒదిగిన పిల్ల ఏ వైపుదో అడగడం మరిచిపోయిన రోజునుంచి కావచ్చు.

ఈరోజు బడి సగం ఖాళీ. సంతలో కొట్లాట జరిగిందని పుకారు. జడ సగంలో ఉండగా ఆ పిల్ల తండ్రి గేటు తోసుకుని వచ్చాడు. అవతలి వైపు లారీ డ్రైవరు.

"లే. ఇంటికి పోదాం."

పిల్ల కదలలేదు. పక్కన రిబ్బను పట్టుకుని కూర్చున్న దాని నేస్తం, ఇవతలి పిల్ల, దాని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సగం జడతో ఎక్కడికి తీసుకుపోతావు బాబూ? కాసేపు కూర్చో," అంది ఆయమ్మ.

"ఊళ్ళో ఏం జరుగుతోందో తెలుసా ఆయమ్మా? మీవాళ్ళు..."

"మావాళ్ళూ తెలుసు, మీవాళ్ళూ తెలుసు. నా కొడుకు మీ వీధి చివరే పోయాడు." ఆమె గొంతులో కోపం లేదు, అలసట తప్ప. "మీవైపు వాడికి ఒక్క నేస్తం కూడా లేడు బాబూ. ఉండుంటే, ఆ రోజు ఒక్కడైనా అడ్డుపడేవాడు."

డ్రైవరు తల వంచుకున్నాడు. ఆయమ్మ జడ పూర్తిచేసి ముడి వేసింది.

"సాయంత్రం వస్తాను. జాగ్రత్త," అన్నాడతను చివరికి.

"వెళ్ళిరా నాయనా."

మధ్యాహ్నం అన్నాలయ్యాక చిన్న తరగతి పిల్లలను చాపల మీద పడుకోబెట్టి, జోకొడుతూ తనూ గోడవారగా ఒరిగింది. గంట కొట్టినా లేవలేదు. పాపం నిద్రపోతోందనుకుని పిల్లలు మునివేళ్ళ మీద బయటికి నడిచారు. టీచరమ్మ వచ్చి చెయ్యి పట్టుకునేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది.

సాయంత్రం డ్రైవరు వచ్చాడు. విషయం విని లోపలికి వచ్చి, ఆమెను పడుకోబెట్టిన మంచానికి ఒక పక్క భుజం పట్టాడు. ఇవతలి వీధిలో అతను అడుగుపెట్టడం అదే మొదలు. వెనకాలే పిల్లలిద్దరూ చేతులు పట్టుకుని నడిచారు.

గుమ్మంలో ఏడుస్తున్న అక్క అతని వంక చూసింది. "ఎవరయ్యా నువ్వు?"

"అవతలివాణ్ణమ్మా. మా పిల్లకి ఈవిడే జడ వేసేది."

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని పక్కకు జరిగింది. "గడప ఎత్తుగా ఉంటుంది. చూసుకుని రా."

బడి దగ్గర పిల్లలంతా ఎవరి జోళ్ళు వాళ్ళు తొడుక్కుని వెళ్ళిపోయారు. తరగతి గది ముందు, మడమల దగ్గర అరిగిపోయిన పెద్ద చెప్పుల జత ఒక్కటే మిగిలింది.