అడుగు ముక్కలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఒప్పుకుంటాను. అయినా ఆ రోజు నా చోట సాధువున్నా పార పట్టేవాడే.

పదేళ్ళు లారీ తోలాను. నిద్రమత్తులో రెండుసార్లు కాలవలోకి దించాను. మూడోసారి శవమే ఇంటికొస్తుందని నా భార్య ఏడ్చింది. ఆ సంగతి ఇంకెవరికీ చెప్పకుండా లారీ వదిలేసి, నా వాటా అరెకరంలో మొదటిసారి కంద వేశాను. ఈ పంట పోతే మళ్ళీ స్టీరింగే గతి.

విత్తనం ఇంట్లోదే. సగం నాకు, సగం అన్నకు. పేడనీళ్ళలో ముంచి, బూడిద అద్ది ఆరబెట్టిన ముక్కల్ని అన్నే గంపలకెత్తి తెచ్చి నా గట్టు మీద దించాడు. "మరీ లోతుగా పెట్టకురా" అని జాగ్రత్త కూడా చెప్పాడు.

నెలన్నరకు అన్న చేనంతా గొడుగులు విప్పినట్టు మొలిచింది. నా చేలో గడ్డి తప్ప ఏమీ లేదు. తవ్వితే గుప్పున కంపు. నా భార్య ఒక ముక్కను కడిగి, తిప్పి చూసింది.

"దీనికి కన్నే లేదయ్యా!"

కందకు కన్ను ఒక్కటే, నడినెత్తిన ఉంటుంది. నిలువునా కోస్తే ప్రతి ముక్కకూ కాస్త కన్ను దక్కుతుంది. అడ్డంగా కోస్తే పై ముక్క మొలుస్తుంది, అడుగు ముక్క కుళ్ళిపోతుంది. ఇంకో పది తవ్వాం. అన్నీ అడుగు ముక్కలే.

పార పట్టుకుని పరుగెత్తాను. "ముందు అడుగు, అడిగి చావు!" అని నా భార్య వెనక నుంచి అరుస్తూనే ఉంది. వినే తీరిక నాకెక్కడిది?

అన్న పెరట్లో తాడు పేనుతున్నాడు.

"కన్నులన్నీ నీకు, కుళ్ళంతా నాకా?"

పార కర్రతో ఒక్కటిచ్చాను. మోచేతి కింద ఎముక పటుక్కుమంది. వదిన కెవ్వున అరిచింది. అన్న గోడకానుకుని నా వంక చూశాడే తప్ప ఒక్క మాట అనలేదు. దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండింది. కడుపులో తన్నాను. నెత్తురు కక్కాడు.

పక్కింటి మేస్త్రి గోడ దూకొచ్చి నా నడుం పట్టుకున్నాడు. "తోడబుట్టినవాడురా, పాపిష్టోడా!"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? వాడే నోరు మెదపట్లేదు, నీకేంటి నొప్పి?" అని మోచేత్తో అతని ముక్కు పగలగొట్టాను.

అప్పుడు అమ్మ బయటికొచ్చింది.

"వాణ్ణొదిలెయ్. కోసింది నేను."

"నువ్వు లోపలికి పో అమ్మా!" అప్పుడు నోరు విప్పాడు అన్న.

"మీ అన్నకు నలుగురు పిల్లలు, ఉన్నది ఆ చేని చెక్కే. కన్ను చీల్చకుండా నిండుగా వాడికే ఇస్తే పంట బాగా వస్తుందని అడ్డంగా కోశా. నీకు లారీ ఉంది కదరా. పంట పోతే హాయిగా బండెక్కుతావనుకున్నా. మొలకలొచ్చాకే వాడికి తెలిసింది. నీకు చెప్తానంటే నేనే ఒట్టేయించుకున్నా. కొట్టేదేదో నన్ను కొట్టు."

హాయిగానట! ఆ మాటకు నా కళ్ళు బైర్లు కమ్మాయి. పార ఎత్తాను. అవును, కన్నతల్లి మీదే ఎత్తాను.

విరిగిన చెయ్యి వేలాడుతుండగానే అన్న మా ఇద్దరి మధ్యకు వచ్చాడు. దెబ్బ వాడి మెడ మీద పడింది.